అప్‌డేట్ వెనుక ఉన్న పని

ప్రశ్న: మాది సూర్యాపేట. మోటార్ల రివైండింగ్ షాపు నడుపుతున్నాను. మా అమ్మాయి వరంగల్‌లో బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం చదువుతోంది. తోటివాళ్లంతా వెబ్ డెవలప్‌మెంట్, ఏఐ కోర్సుల్లో చేరితే, తను మాత్రం కెర్నెల్‌లో భద్రతా లోపాలు సరిచేసే పని నేర్చుకుంటానంటోంది. అదేమిటని అడిగితే ‘ఫోనుకు అప్‌డేట్ వస్తుంది కదా నాన్నా, దాని వెనుక ఉండే పని’ అంది. అప్‌డేట్ నొక్కడం కూడా ఒక ఉద్యోగమేనా? క్యాంపస్ పరీక్షలు కూడా రాయనంటోంది. ఇదంతా హ్యాకింగ్ అనీ, కేసులవుతాయనీ బంధువులు భయపెడుతున్నారు. ఏం చేయమంటారు?

సమాధానం: నమస్కారమండీ. అప్‌డేట్ నొక్కేది మీరూ నేనూ. దాన్ని తయారుచేసేవాళ్లు వేరే ఉన్నారు, మీ అమ్మాయి వాళ్లలో ఒకరు కావాలనుకుంటోంది. ఇది నిజమైన ఉద్యోగమే. చాలా మంచి ఉద్యోగమని కూడా నా అభిప్రాయం. కానీ ఇందులోకి వెళ్లే దారి నిదానంగా సాగుతుంది. క్యాంపస్ పరీక్షలు మానేయడం మాత్రం నాకు నచ్చలేదు. ఆ విషయానికి తర్వాత వస్తాను.

కెర్నెల్ అంటే ఫోనునూ, కంప్యూటర్‌నూ నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. ఏ యాప్‌కు ఎంత మెమరీ ఇవ్వాలి, ఏ ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు అన్నది అదే నిర్ణయిస్తుంది. ఒక యాప్‌లో లోపముంటే నష్టం చాలాసార్లు ఆ యాప్‌తోనే ఆగిపోతుంది. కెర్నెల్‌లోనే లోపముంటే ఇంటి తాళాలన్నీ ఒక్కసారిగా దొంగ చేతిలో పడినట్టే.

ఈ పని ఎలాంటిదో ఒక ఉదాహరణతో చెబుతాను. 2021 ఏప్రిల్‌లో జర్మనీలోని ఒక వెబ్ హోస్టింగ్ సంస్థకు ఫిర్యాదు వచ్చింది: డౌన్‌లోడ్ చేసుకున్న లాగ్ ఫైలు (వెబ్‌సైట్‌కు వచ్చిపోయేవాళ్ల వివరాలు నమోదయ్యే ఫైలు) తెరుచుకోవడం లేదని. అక్కడి ఇంజనీర్ మాక్స్ కెల్లర్‌మన్ ఆ ఫైలును సరిచేసి ఇచ్చారు. కొన్నాళ్లకు మళ్లీ అదే ఫిర్యాదు, తర్వాత ఇంకోసారి. పాడైన ఫైళ్లన్నీ వరుసలో పెట్టి చూస్తే ఎక్కువ భాగం నెలాఖరు రోజువే. ప్రతి ఫైలు చివరా అవే ఎనిమిది బైట్లు మారి ఉన్నాయి. అవి జిప్ ఫైళ్లలో కనిపించే గుర్తు. జిప్ తయారుచేసే ప్రోగ్రామ్‌కు ఆ లాగ్ ఫైళ్లలో రాసే అనుమతే లేదు. మరి రాసిందెవరు? నెలల తరబడి వెతికితే, తప్పు లైనక్స్ కెర్నెల్‌లోనే ఉందని తేలింది. ఒక ప్రోగ్రామ్ నుంచి మరొకదానికి సమాచారం పంపే పైప్ అనే భాగంలో ఒక గుర్తును ముందుగా సున్నా చేయకుండా వదిలేశారు. ఆ కాస్త ఏమరుపాటు వల్ల, కేవలం చదివే అనుమతి ఉన్న ఫైలు విషయాన్ని కూడా ఎవరైనా మార్చేయవచ్చు, మొత్తం సిస్టమ్‌పై పెత్తనం తెచ్చుకోవచ్చు. దీనికే డర్టీ పైప్ అని పేరు. సరిచేయడానికి కావలసింది రెండు ఫంక్షన్లలో ఒక్కో లైను.

రెండు లైన్ల కోసం అన్ని నెలలా అని మీరు అనుకోరని నా నమ్మకం. ఊరంతా బాగానే ఉందన్న మోటారులో ఏ చుట్ట కాలిందో కనిపెట్టడానికే సగం రోజు పడుతుందని మీకు తెలుసు. తీగ చుట్టడం తర్వాతి సంగతి. మీ అమ్మాయికి ఈ ఓపిక మీ షాపులోనే అబ్బి ఉంటుంది.

అక్కడితో పని అయిపోలేదు. నిజానికి, నా దృష్టిలో ఎక్కువ ఉద్యోగాలున్నది ఇక్కడి నుంచే. కెల్లర్‌మన్ 2022 ఫిబ్రవరి 20న లోపం వివరాలు, దిద్దుబాటు కలిపి కెర్నెల్ భద్రతా బృందానికి పంపారు. 23వ తేదీకల్లా లైనక్స్ స్థిర వెర్షన్లలో అది చేరింది. లోకానికి మార్చి 7న వెల్లడించారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో నడిచేదీ లైనక్స్ కెర్నెలే. కానీ ఆండ్రాయిడ్ నెలవారీ భద్రతా ప్రకటనలోకి ఇది ఎక్కేసరికి మే నెల వచ్చింది. మూడు రోజుల్లో లైనక్స్‌లో చేరిన ప్యాచ్ (దిద్దుబాటు) జేబులోని ఫోను దాకా రావడానికి ఇంత సమయం ఎందుకు? చిప్ తయారుచేసే సంస్థకు తన సొంత కెర్నెల్ ప్రతి ఉంటుంది, ఫోను తయారుచేసే సంస్థకు మరొకటి. పాత వెర్షన్‌లో కోడ్ వేరుగా ఉంటుంది కనుక ప్యాచ్‌ను దానికి తగ్గట్టు మలచాలి. దీన్ని బ్యాక్‌పోర్టింగ్ అంటారు. కెమెరా, బ్యాటరీ, నెట్‌వర్క్ ఏదీ చెడలేదని పరీక్షించాలి. ఒక్క పొరపాటు జరిగితే లక్షల ఫోన్లు ఆన్ కాకుండా పోవచ్చు. ఈ ప్రతి మెట్టులోనూ మనుషులు కావాలి.

ఆలస్యం ఎంత నష్టం చేస్తుందో మన రాష్ట్రాలూ చూశాయి. విండోస్‌లో ఫైళ్లు పంచుకునే భాగంలో, కెర్నెల్ స్థాయిలో నడిచే డ్రైవర్ అనే ప్రోగ్రామ్‌లో ఉన్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న దిద్దుబాటు ఇచ్చింది. అది వేసుకోని కంప్యూటర్ల మీద మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వనాక్రై అనే ప్రోగ్రామ్ విరుచుకుపడింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు కూడా అందులో చిక్కాయి. మందు రెండు నెలల ముందే సిద్ధంగా ఉంది, వేసినవాళ్లే లేరు. అందుకే లోపాన్ని కనిపెట్టినవాళ్లకు ఎంత పేరు వచ్చినా, దిద్దుబాటును చివరి యంత్రం దాకా చేర్చేవాళ్లను నేను అంతే గౌరవంగా చూస్తాను.

ఇక ఉద్యోగాలు. ‘కెర్నెల్ సెక్యూరిటీ’ అని వెతికితే ఫ్రెషర్లకు ప్రకటనలు చాలా తక్కువ కనిపిస్తాయి. డివైస్ డ్రైవర్ డెవలపర్, ఎంబెడెడ్ లైనక్స్ ఇంజనీర్, బీఎస్‌పీ (బోర్డ్ సపోర్ట్ ప్యాకేజ్) ఇంజనీర్, ప్రొడక్ట్ సెక్యూరిటీ ఇంజనీర్ అన్న పేర్లతో వెతకమనండి. క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ సంస్థలకు, మైక్రోసాఫ్ట్‌కు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలున్నాయి. చాలామంది మొదట డ్రైవర్లలోనో, టెస్టింగ్‌లోనో చేరి, రెండు మూడేళ్లకు భద్రత వైపు మళ్లుతారు. ఆ దారిలో తప్పేమీ లేదు. ఇలాంటి సంస్థలు క్యాంపస్‌కు వస్తే వదులుకోవడం ఎందుకు? వేరే సంస్థ వచ్చినా పరీక్ష రాయాలి. చేతిలో ఒక ఆఫర్ ఉంటే నిశ్చింతగా నేర్చుకోవచ్చు. గేట్ రాసి మంచి చోట ఎంటెక్ చేసే దారి కూడా తెరిచి ఉంచుకోమనండి. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ అందులోనూ ఉంటాయి కాబట్టి చదివింది వృథా పోదు.

ఈ ఏడాది తను చేయవలసిన పని చెబుతాను. సీ భాష, అందులోనూ పాయింటర్లు కంఠతా కాక చేతికి రావాలి. ఎంఐటీవాళ్లు విద్యార్థుల కోసం తయారుచేసిన ఎక్స్‌వీ6 అనే చిన్న కెర్నెల్ ఉచితంగా దొరుకుతుంది. దాన్ని పూర్తిగా చదివి, మార్చి చూడాలి. లైనక్స్ ఫౌండేషన్ ప్రారంభకుల కోసం ఇచ్చే కెర్నెల్ డెవలప్‌మెంట్ కోర్సుకూ రుసుము లేదు. తర్వాత సిజ్‌బాట్ దగ్గరకు వెళ్లాలి. ఇది కెర్నెల్‌ను రాత్రింబవళ్లు రకరకాల ఇన్‌పుట్‌లతో పరీక్షించి, దొరికిన లోపాలను అందరికీ కనిపించేలా పెట్టే గూగుల్ వ్యవస్థ. అందులో ఒక లోపం ఎంచుకుని తన కంప్యూటర్‌లో మళ్లీ రప్పించాలి. కోడ్‌లో చేసిన ఏ మార్పుతో అది మొదలైందో గిట్ బైసెక్ట్ అనే సాధనంతో పట్టుకోవాలి. వెయ్యి మార్పులున్నా ప్రతిసారీ సగానికి తగ్గించుకుంటూ పోతే సుమారు పది పరీక్షల్లో దొరుకుతుంది. దిద్దుబాటు రాసి పంపితే మొదటిసారి తిరస్కరిస్తారు. రెండోసారీ తిరస్కరించవచ్చు. ఆ విమర్శలకు తను మర్యాదగా ఇచ్చిన జవాబులన్నీ అందరికీ కనిపించే రికార్డుగా మిగులుతాయి. పది సర్టిఫికెట్ల కంటే కెర్నెల్‌లో చేరిన ఒక్క ప్యాచ్ ఇంటర్వ్యూలో ఎక్కువ మాట్లాడుతుంది.

కేసుల భయం గురించి: సొంత కంప్యూటర్‌లో, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్‌లో) చేసే ఈ పనిలో ఏ నేరమూ లేదు. అనుమతి లేకుండా కాలేజీ సర్వర్‌నో, మరొకరి ఫోన్‌నో పరీక్షిస్తే మాత్రం ఐటీ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. సరదాకైనా ఆ గీత దాటవద్దని గట్టిగా చెప్పండి. లోపం దొరికితే ముందు దాన్ని సరిచేసే బృందానికి తెలియజేయాలి. కెల్లర్‌మన్ చేసినట్టే.

ఖర్చు విషయానికొస్తే, వేల రూపాయల కోచింగ్ అవసరం లేదు. కెర్నెల్‌ను పదేపదే కంపైల్ చేయాలి (కోడ్‌ను యంత్రం నడపగలిగే రూపంలోకి మార్చాలి) కాబట్టి తన ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు అది పెంచండి. ఆరు నెలల తర్వాత తను వెతికిన ఒక లోపం గురించి మీకు అర్థమయ్యేలా చెప్పమని అడగండి. ఎక్కడ చెడింది, ఎలా పట్టుకుంది, ఏం మార్చింది అని. తడబడకుండా చెప్పగలిగితే నాకు మళ్లీ ఉత్తరం రాయండి, ఎంటెక్ సంగతి అప్పుడు వివరంగా మాట్లాడుకుందాం.