రెపో రేటు సంగతి అటుంచండి, మీ లోను స్టేట్‌మెంటు ఎప్పుడు చూశారు?

అడిగిన ప్రశ్న: "ఆర్‌బీఐ వడ్డీ రేట్లు పెంచితే ధరలు ఎలా తగ్గుతాయి? మామూలు ఉద్యోగస్తులకి దానివల్ల లాభమా, నష్టమా? ఇప్పుడు ఇంటి లోను తీసుకోవాలంటే ఫిక్స్‌డ్ మంచిదా, ఫ్లోటింగ్ మంచిదా?"

మొదటిదానికి జవాబు ఏ పేపరు తిరగేసినా దొరుకుతుంది. అప్పు ఖరీదైతే జనం కారూ ఫ్లాటూ కొనడం వాయిదా వేస్తారు, కంపెనీలు కొత్త ఫ్యాక్టరీ ఆలోచన పక్కన పెడతాయి, కొనేవాళ్ళు తగ్గితే అమ్మేవాళ్ళు దిగొస్తారు. నేను చెప్పదలుచుకున్నది వేరే. ఇలా ధరలు దించే బరువు ఎవరో ఒకరు మొయ్యాలి కదా. మన దేశంలో అది ముందుగా ఫ్లోటింగ్ రేటుకి, అంటే మధ్యలో మారే వడ్డీకి, ఇంటి లోను తీసుకున్నవాడి నెత్తిన పడుతుంది. పడిన సంగతి చాలామందికి ఏడాది దాకా తెలియదు.

నేను ఎకనామిక్స్ చదువుకోలేదు. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. అయినా ఈ విషయంలో టీవీలో మాట్లాడేవాళ్ళకన్నా నాకే ఎక్కువ తెలుసని నా నమ్మకం. ఎందుకంటే వాళ్ళెవరూ మా బావమరిది స్టేట్‌మెంటు చూడలేదు.

వాడు 2022 జనవరిలో కాడుగోడి దగ్గర ఫ్లాటు కొన్నాడు. అప్పటికి రెపో రేటు, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ, 4 శాతం. కరోనా టైములో 2020 మేలో అక్కడికి దించారు, అలాగే ఉంచారు. బ్యాంకు వాడికి 6.7 శాతానికి 60 లక్షలు ఇచ్చింది. ఇరవై ఏళ్ళు, ఈఎంఐ 45,444. "ఇంత తక్కువ వడ్డీ మళ్ళీ రాదు బావా" అన్నాడు. ఆ మాట మాత్రం అక్షరాలా నిజమైంది.

2022 మే 4న ఆర్‌బీఐ షెడ్యూల్లో లేని మీటింగు పెట్టి మరీ రేటు 4.40 చేసింది. ఏప్రిల్‌లో ద్రవ్యోల్బణం, అంటే ఏడాదిలో ధరలు పెరిగిన శాతం, 7.79కి పోయింది, యుక్రెయిన్ యుద్ధంతో నూనెలూ చమురూ మండిపోతున్నాయి, అటు అమెరికా కూడా పెంచుతోంది. ఇక్కడి నుంచి వరసపెట్టి పెంచుకుంటూ పోయి 2023 ఫిబ్రవరికల్లా 6.50కి తెచ్చారు. తొమ్మిది నెలల్లో రెండున్నర శాతం. మా వాడి లోను రెపోకి ముడిపెట్టినది, కాబట్టి వాడి రేటూ 6.7 నుంచి 9.2కి ఎక్కింది. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త ఫ్లోటింగ్ ఇంటి లోన్లన్నీ రెపో లాంటి బయటి రేటు దేనికో ఒకదానికి ముడిపెట్టాలని, కనీసం మూడు నెలలకోసారి మార్చాలని రూలు. అంతకుముందు ఆర్‌బీఐ తగ్గించినా బ్యాంకులు మనకి తగ్గించేవి కావని, జనం మేలు కోరే పెట్టారు ఆ రూలు. తగ్గినప్పుడు వెంటనే తగ్గేది, పెరిగినప్పుడు వెంటనే పెరుగుతుందని చాలామందికి 2022లోనే తెలిసొచ్చింది.

2023 మే నెల, ఓ ఆదివారం. కందుకూరు నుంచి మా మామగారు వచ్చారు. భోజనాలయ్యాక బావమరిది టాక్సు పనికని లోను స్టేట్‌మెంటు తెరిచాడు. "బావా, ఒకసారి ఇటు రా" అన్నాడు. గొంతు తేడాగా ఉంది. వెళ్ళి చూశాను. ఆ నెల వరసలో మూడు అంకెలు: ఈఎంఐ 45,444. వడ్డీ 45,153. అసలుకి జమ 291.

రెండొందల తొంభై ఒక్క రూపాయలు. ఆ ముందు మేం తెప్పించుకున్న బిర్యానీ ఒక ప్యాకెట్టు కూడా దానికి రాదు.

పక్కన ఇంకో గడి ఉంది, మిగిలిన వాయిదాలు. అందులో 661 అని ఉంది. పన్నెండుతో భాగించి చూసుకుంటే 55 ఏళ్ళు. వాడికప్పుడు 36. అప్పటికి ఏడు లక్షల చిల్లర కట్టాడు, అసలు తగ్గింది లక్షా పది వేలు. పైసా ఆలస్యం లేదు, ఒక్క చెక్కు బౌన్స్ కాలేదు. ఏం జరిగిందంటే, కట్టిన దాంట్లో వడ్డీ ముందు తీసుకుని మిగిలింది అసలుకి వేస్తారు. ఈఎంఐ కదలకుండా రేటు పెరిగితే ఆ పెరుగుదలంతా అసలు వాటాని తింటుంది. ఇంకో పావు శాతం పెరిగి ఉంటే 45,444 వడ్డీకే చాలేది కాదు. చాలనిది అప్పులో కలుస్తుంది, నెలనెలా కడుతూనే బాకీ పెరుగుతుంది.

మామగారికి విషయం చెప్పాం. ఆయన ఊళ్ళో నాలుగు ప్రోనోట్ల మీద డబ్బులు తిప్పే మనిషి. "నూటికెంత పడుతుందిరా?" అన్నారు. 9.2 అంటే నెలకి నూటికి 77 పైసలు. ఆయన నవ్వారు. "ముప్పావలా వడ్డీకా ఇంత కంగారు? మన దగ్గర రెండు రూపాయలకి తక్కువ ఎవడూ ఇవ్వడు. ఏమండీ అల్లుడుగారూ, మీరైనా చెప్పండి వీడికి." తీసుకున్నప్పుడు 56 పైసలేనని, బ్యాంకే మధ్యలో పెంచుకుంటూ పోయిందని చెప్పాను. ఆయన నవ్వు ఆగిపోయింది. "నోటు రాసుకున్నాక రేటు మారుస్తారా? అదెక్కడి న్యాయం? మా ఊళ్ళో అయితే పెద్దమనుషుల్లో పెడతారు." రెండు రూపాయల వడ్డీ వసూలు చేసే మనిషి ముప్పావలా వడ్డీ బ్యాంకుని అన్యాయం అన్నాడంటే ఆలోచించుకోండి.

మర్నాడు బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి ఎంతో ఓపిగ్గా, "సార్, మీ ఈఎంఐ ఏమీ పెరగలేదు కదా, కంగారు పడకండి" అంది. వాళ్ళ దృష్టిలో ఇది కస్టమరుకి చేసిన సాయం! ఇలాంటివి చాలా పేరుకున్నాయి కాబోలు, 2023 ఆగస్టులో ఆర్‌బీఐయే బ్యాంకులకి సర్క్యులర్ ఇచ్చింది. రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా, గడువు పెంచుకుంటారా, రెండూ కొంత కొంతా అనేది కస్టమరునే అడగాలని, ఫిక్స్‌డ్‌కి మారే అవకాశం కూడా ఇవ్వాలని. మంచి సర్క్యులరే. రెండున్నర శాతం పెంచడం పూర్తయ్యాక వచ్చింది, అంతే.

పాత గడువులో తీరాలంటే ఈఎంఐ 55 వేలకి పోవాలి. బావమరిది అదే ఒప్పుకున్నాడు. నెలకి తొమ్మిదిన్నర వేలు ఎక్కడి నుంచో రావాలి కదా, బుక్ చేసిన కారు క్యాన్సిల్ చేశాడు. ఇదిగో, మీ మొదటి ప్రశ్నకి అసలు జవాబు ఇదే. గిరాకీ తగ్గడం అంటే మా బావమరిది కారు కొనకపోవడం. పాలసీ పనిచేసింది.

కానీ ఆ రెండు నెలలకే, 2023 జులైలో, ద్రవ్యోల్బణం 7.44కి ఎగిరింది. కారణం టమాటా, కూరగాయలు. దేశంలోకెల్లా పెద్ద టమాటా మార్కెట్లలో ఒకటైన కోలారు మాకు కూతవేటు దూరం, ఇంకాస్త పోతే మదనపల్లె. అయినా కిలో వంద దాటించి అమ్మారు. అప్పటి ధరల సూచీలో తిండి వాటా దాదాపు 46 శాతం. ఇప్పుడు చెప్పండి, వాడు కారు కొనకపోతే టమాటా ఎలా దిగుతుంది? సెప్టెంబరుకల్లా ద్రవ్యోల్బణం 5.02కి దిగొచ్చింది. ఈ మధ్యలో రెపో రేటు 6.50 దగ్గరే ఉంది, పిసరు కదల్లేదు. కొత్త పంట వచ్చింది, దిగింది. నన్నడిగితే మన దగ్గర ధరల్లో సగం వాన చేతిలో ఉంటాయి, మిగతా సగానికే ఆర్‌బీఐ.

అలాగని పెంచకూడదనడం లేదు. పెంచకపోతే ఏమవుతుందో టర్కీ చూపించింది. ధరలు పెరుగుతుంటే అక్కడి ప్రభుత్వం పట్టుబట్టి వడ్డీలు తగ్గించింది, 2022 అక్టోబరుకి ద్రవ్యోల్బణం 85 శాతం. చివరికి 2024 మార్చిలో రేటు 50 శాతానికి తీసుకుపోవాల్సి వచ్చింది. అమెరికాలో ధరలు దించడానికి రేట్లు పెంచేసరికి 1981లో ఇంటి లోన్లు 18 శాతం దాటాయి. గిరాకీ చచ్చిపోయి, బిల్డర్లు చెక్కముక్కల మీద తమ గోడు రాసి ఫెడరల్ రిజర్వ్‌కి, అంటే అక్కడి ఆర్‌బీఐకి, పోస్టు చేశారు. మందు చేదే, తాగక తప్పదు. ఎవరికి ఎంత పోస్తున్నారన్నదే నా బాధ.

అమెరికాలో ఇంటి లోను ఎక్కువగా 30 ఏళ్ళ ఫిక్స్‌డ్. 2020, 21లో మూడు శాతానికి తీసుకున్నవాడు, ఫెడ్ రేటు 2023 జులైకి 5.50 దాకా పోయినా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. దెబ్బ కొత్తగా కొనేవాడికే. మరి పాతవాళ్ళ మీద పడాల్సిన బరువు ఎక్కడికి పోయింది? వేడి గిన్నెని ఎవరో ఒకరు పట్టుకోవాల్సిందే, అక్కడ బ్యాంకులు పట్టుకున్నాయి. సిలికాన్ వ్యాలీ బ్యాంకు డిపాజిట్ల డబ్బుని వడ్డీలు తక్కువున్నప్పుడు దీర్ఘకాలిక బాండ్లలో పెట్టింది. రేట్లు పెరిగేసరికి కొత్త బాండ్లు ఎక్కువ వడ్డీ ఇస్తుంటే పాతవి పూర్తి ధరకి ఎవరు కొంటారు? వాటి విలువ పడిపోయింది. సంగతి బయటికి పొక్కగానే ఒక్క రోజులో 4,200 కోట్ల డాలర్లు తీసేయాలని జనం ఎగబడ్డారు. 2023 మార్చి 10న మూతపడింది. ఆ శని, ఆదివారాలు బెంగళూరులో ఎంతమంది స్టార్టప్ వాళ్ళకి నిద్ర లేదో! డబ్బంతా అందులోనే, ఇన్సూరెన్సు రెండున్నర లక్షల డాలర్లకే. మా ఆఫీసులో మానేసి స్టార్టప్‌లో చేరిన ఒకాయన, జీతం వస్తుందో రాదో అని గంటకోసారి మెసేజ్ పెట్టేవాడు. ఆదివారం డిపాజిట్లన్నిటికీ అక్కడి ప్రభుత్వం హామీ ఇచ్చాక గానీ టెన్షన్ తీరలేదు.

అంటే వడ్డీ మారే ప్రమాదం ఎక్కడికీ పోదు. అక్కడ బ్యాంకు మెడకి చుట్టుకుంది, ఇక్కడ మన మెడకి. మన బ్యాంకులు ఆ విషయంలో నిశ్చింతగా ఉన్నాయని అందరూ మెచ్చుకుంటారు. ఎందుకుండవు? మోసేది బావమరిది కదా.

మరి ఇల్లు కొనకుండా అద్దెకుంటే హాయి కదా అంటారా? దానికీ ఒక లెక్క ఉంది, ప్రశ్నకి కాస్త దూరమైనా చెప్పకుండా ఉండలేను. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు కట్టించుకోవడం ఎప్పటి నుంచో అలవాటు. ఇప్పుడు కొందరు ఐదారు నెలలకి దిగారు. 30 వేల అద్దెకి పది నెలలంటే 3 లక్షలు, అణా వడ్డీ లేకుండా ఓనరు దగ్గర. ఏటా 6 శాతం చొప్పున ధరలు పెరిగితే ఐదేళ్ళ తర్వాత తిరిగొచ్చే ఆ 3 లక్షలకి, ఇచ్చిన రోజు రెండుంబాతిక లక్షలకి వచ్చే సామాను వస్తుంది. అందులో మళ్ళీ పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోత. గోడకి మేకు కొట్టారంటూ ఇంకో రెండు వేలు. ద్రవ్యోల్బణం వల్ల అప్పు తీసుకున్నవాడు బాగుపడతాడంటారే, ఆ బాగుపడ్డవాళ్ళని చూడాలంటే ఇక్కడి ఇళ్ళ ఓనర్లని చూడండి. రెండు నెలలకి మించి తీసుకోవద్దని 2021లో కేంద్రం నమూనా చట్టం ఒకటి తెచ్చింది. నమూనా అంటే రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే.

సరే, ఫిక్స్‌డా ఫ్లోటింగా అన్న మాట. మన దగ్గర ఫిక్స్‌డ్ అని అమ్మేది చాలాసార్లు మొదటి రెండు మూడేళ్ళకే ఫిక్స్‌డ్, తర్వాత ఫ్లోటింగే. రేటు కూడా ఎక్కువ. కాగితాల్లో రీసెట్, అంటే రేటు మార్చడం, అన్న మాట ఎక్కడుందో వెతకండి. ఫ్లోటింగ్‌లో ఒక సుఖం ఉంది. వ్యక్తులు తీసుకున్న ఫ్లోటింగ్ ఇంటి లోను ముందే కట్టేస్తే పెనాల్టీ వెయ్యకూడదని 2012 నుంచీ రూలు. బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కొట్టుకోవచ్చు. అందుకే నా ఓటు ఫ్లోటింగ్‌కే. అయితే లోను తీసుకునే ముందు, రేటు ఇంకో రెండున్నర శాతం పెరిగితే ఈఎంఐ ఎంతవుతుందో లెక్క వేయించండి. ఆ అంకె చూసి గుండె ఆగితే చిన్న ఫ్లాటు చూసుకోండి. సేల్స్ కుర్రాడు ఈ లెక్క తనంతట తాను వేసి చూపించడు. ఈఎంఐ ఎంత అనే చెబుతాడు, మనమూ అదే అడుగుతాం.

ఇంకోటి, స్ప్రెడ్ ఎంతో అడగండి. రెపో మీద బ్యాంకు కలుపుకునే వాటా అది. మా వాడికి 2.7. 2025లో నాలుగు విడతలుగా తగ్గించి రెపోని 5.25కి తెచ్చారు కాబట్టి వాడి రేటు 7.95కి దిగింది. అదే బ్యాంకు, అదే బ్రాంచి, కొత్తగా వచ్చినవాళ్ళకి అంతకన్నా తక్కువకి ఇస్తోంది. స్ప్రెడ్ తగ్గించమని అడిగితే ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోమన్నారు. ఫీజు కట్టాడు, కాగితం పెట్టాడు. ఇంకా ప్రాసెస్‌లో ఉందట.