పోలీసులు సంసిద్ధులా, సన్నద్ధులా?

సందేహం: ‘ఉగ్రదాడిని ఎదుర్కోవడానికి స్థానిక పోలీసులు సంసిద్ధంగా ఉన్నారు’ అని ఒకచోట, ‘సన్నద్ధంగా ఉన్నారు’ అని ఇంకోచోట చదివాను. రెండూ ఒకటేనా?

సమాధానం: వాడుకలో బాగా కలిసిపోయాయి కాబట్టి ఏది రాసినా తప్పని అనను. కానీ ఒకటి మాత్రం కాదు. ‘చర్చలకు సంసిద్ధత వ్యక్తం చేశారు’ అంటాం, అక్కడ ‘సన్నద్ధత వ్యక్తం చేశారు’ అని పెట్టి చూడండి, చెవికి ఆనదు. ఎందుకంటే సంసిద్ధత మనం వాడే తీరులో మనసుకు సంబంధించింది, సరే, మేం రెడీ అనడం.

సన్నద్ధం అలా కాదు. ఇందులో ఉన్నది ‘నహ్’ ధాతువు, కట్టడం, బిగించడం అని అర్థం. కాలికి కట్టుకునే చెప్పును సంస్కృతంలో ‘ఉపానహం’ అన్నదీ ఈ ధాతువుతోనే. అమరకోశం సన్నద్ధుణ్ణి వర్మితుడి పక్కన, అంటే కవచం తొడిగినవాడి పక్కన చేర్చింది. సన్నాహం అన్నా మొదట కవచమే, ఇప్పుడు సన్నాహక సమావేశాల దాకా వచ్చింది.

2008 నవంబరు 26 రాత్రి ముంబైపై జరిగిన ఉగ్రదాడి గుర్తుచేసుకోండి. గిర్‌గావ్ చౌపాటీ దగ్గర ఏఎస్సై తుకారాం ఓంబ్లే చేతిలో ఉన్నది లాఠీ. ఎదురుగా ఉగ్రవాది కసబ్ చేతిలో ఏకే 47. ఆ తుపాకీ గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, తూటాలను తన ఒంట్లోకి తీసుకుని, వదలకుండా ఉన్నాడాయన, అందువల్లే కసబ్ ప్రాణాలతో దొరికాడు. అంతకు మించిన సంసిద్ధత ఉంటుందా? సన్నద్ధత మాత్రం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. జాతీయ భద్రతా దళం (ఎన్‌ఎస్‌జీ) కమాండోలు మర్నాటి ఉదయానికి గానీ చేరలేదు, తొలి గంటల్లో నిలబడింది స్థానిక పోలీసులే. ఆ తర్వాతే, 2009లో, హైదరాబాద్ సహా నాలుగు నగరాల్లో ఎన్‌ఎస్‌జీ కేంద్రాలు వచ్చాయి.

ఈ తేడా పోనివ్వకూడదని నా గట్టి అభిప్రాయం. అధికారి ‘మావాళ్లు దేనికైనా వెనుకాడరు’ అంటే సంసిద్ధత అని రాయండి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, సరైన తుపాకులు, మాక్ డ్రిల్, మొదటి పది నిమిషాల్లో ఎవరు ఏం చేయాలో తెలిసి ఉండడం, వీటి గురించైతే సన్నద్ధత. మీరు చూపిన వాక్యం దేని గురించో ఆ వార్త మిగతా భాగం చూస్తే తెలుస్తుంది.

అన్నట్టు, చాలామంది ‘సన్నద్దం’ అని రాస్తున్నారు. ద కింద ధ వత్తే రావాలి.