ఎనిమిదితో ఆగిన చదువు, చేతిలో లేసు పని: మళ్లీ ఎలా మొదలుపెట్టాలి?

రాజోలు వైపు నుంచి ఒక సోదరి అడిగారు: "నాకు 31 ఏళ్లు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంటి పని పోగా మిగిలిన వేళంతా లేసు అల్లుతాను. మా అమ్మాయి ఆరో తరగతి. తను లెక్క అడిగితే చెప్పలేక తల దించుకుంటున్నాను. పదో తరగతి పాసవ్వాలని ఉంది. బడికి గానీ ట్యూషనుకు గానీ వెళ్లే వీలు లేదు. లెక్కలంటే చిన్నప్పటి నుంచీ భయం. ఇంట్లోనే ఉండి, నాకు కుదిరిన వేళల్లో నేర్చుకునే దారి ఏదైనా ఉందా?"

ఉందండీ. నేను ఆ దారినే వచ్చాను కాబట్టి గట్టిగా చెప్పగలుగుతున్నాను.

మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. 2006లో పదో తరగతి తప్పాను, లెక్కల్లోనూ సైన్సులోనూ. నాన్నకు ఎకరంన్నర కౌలు తప్ప వేరే ఆధారం లేదు. నాలుగేళ్లు కొబ్బరి తోటల్లో, వరి కోతల్లో కూలికి వెళ్లి, తర్వాత భీమవరం వైపు రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా పనిలో కుదిరాను. వనామీ రొయ్య అప్పుడప్పుడే మా ప్రాంతమంతా పాకుతోంది. చదువు మీద ఆశ వదులుకున్న రోజులవి. చదువు మళ్లీ నా దగ్గరకు వచ్చింది ఆ చెరువు గట్టు మీదే.

చెరువు యజమాని నాకొక నోటు పుస్తకం ఇచ్చి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీటిని పరీక్షించి అంకెలు రాయమన్నారు. పీహెచ్ (నీటి ఆమ్లగుణాన్ని చెప్పే అంకె) ఎంత, ఆక్సిజన్ ఎంత, అంతే. వారం రాశాక అంకెలు వాటంతట అవే ఒక వరుసలో నిలబడ్డాయి. సాయంత్రం పీహెచ్ 8.4 ఉంటే తెల్లవారుజామున 7.8కి దిగేది. ఆక్సిజన్ కూడా అంతే, సాయంత్రం నిండుగా ఉండి తెల్లవారేసరికి అడుగంటేది. అది 4 దగ్గరకు వస్తే పరుగెత్తి నీటికి గాలి అందించే ఏరేటర్లన్నీ వేయాలి, లేకపోతే రొయ్య పైకి తేలుతుంది. ఎందుకిలా అని అక్కడే పనిచేసే ఒక పెద్దాయనను అడిగాను. "రాత్రిపూట నీళ్లకు ఊపిరి ఆడదు బాబూ" అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు అటక మీది పాత సైన్సు పుస్తకం దింపాను. కిరణజన్య సంయోగక్రియ పాఠం తీశాను. బడిలో దాన్ని నిర్వచనంగా బట్టీపట్టి, పరీక్షలో సగం మరిచిపోయి వచ్చినవాణ్ణి. ఈసారి చదువుతుంటే నా చెరువే కళ్ల ముందు కనిపించింది. నీటిలో కంటికి ఆనని పచ్చని నాచు పగలంతా ఎండలో బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని ఆక్సిజన్ విడుస్తుంది. ఆ వాయువు తగ్గేకొద్దీ నీటిలో ఆమ్లగుణం తగ్గి పీహెచ్ పైకి పోతుంది. చీకటి పడ్డాక తయారీ ఆగిపోతుంది, నాచూ రొయ్యా నీటిలోని సూక్ష్మజీవులూ అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను తినేస్తాయి. అందుకే సూర్యుడు రాకముందు అది అన్నిటికన్నా తక్కువ. పెద్దాయన మాట అక్షరాలా నిజం. నా చేతి రాతలో ఉన్న అంకెలే ఆ పాఠం. ఆ పేజీని మూడుసార్లు చదివాను. నాకు చదువు రాదన్న మాట ఆ రోజు నుంచి నేను నమ్మలేదు.

లెక్కలు కూడా అలాగే తగిలాయి. వారానికోసారి విసురు వలతో కొన్ని రొయ్యలు పట్టి తూస్తాం. 100 కౌంటు అంటే కిలోకు వంద రొయ్యలు, ఒక్కొక్కటి 10 గ్రాములు. చెరువులో లక్ష పిల్ల వదిలాం, నూటికి 80 బతికాయనుకుంటే 80 వేలు. ఒక్కొక్కటి 10 గ్రాములంటే మొత్తం 800 కిలోలు. దాని బరువులో నూటికి నాలుగు చొప్పున మేత వేయాలంటే రోజుకు 32 కిలోలు. శాతాలు, నిష్పత్తులు, ప్రమాణాల మార్పు అన్నీ అందులోనే ఉన్నాయి. బడిలో ఈ లెక్క తప్పితే మార్కు పోయేది. ఇక్కడ తప్పితే మేత అడుగున కుళ్లి చెరువే పోతుంది. అందుకని మనసు దానంతటదే నిలిచింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మీ చేతిలో ఉన్న పనిలో ఇంతకన్నా చక్కని లెక్కలున్నాయి. మా అమ్మ నలభై ఏళ్లుగా లేసు అల్లుతోంది, చూసే రాస్తున్నాను. గుండ్రని లేసు మొదలుపెట్టినప్పుడు మొదటి వరసలో 12 కుట్లు వేస్తారనుకోండి. రెండో వరసకు 24, మూడో దానికి 36, తర్వాత 48. వరసకు 12 చొప్పున పెంచుకుంటూ పోతేనే అది బల్ల మీద పరిచినట్టు వస్తుంది. తక్కువ పెంచితే అంచు గిన్నెలా పైకి ముడుచుకుంటుంది. ఎక్కువ పెంచితే అంచు కుచ్చెళ్లు పడి అలల్లా లేస్తుంది. ఇది మీ చేతికి ఎప్పుడో తెలుసు. పదో తరగతి లెక్కల పుస్తకంలో అంకశ్రేఢి అనే పాఠం చెప్పేది దీన్నే. పదో వరసలో ఎన్ని కుట్లు? 12కు తొమ్మిదిసార్లు 12 కలపండి, 120. పది వరసలకూ కలిపి ఎన్ని? మొదటిదీ చివరిదీ కూడితే 132, దాన్ని 10తో గుణించి సగం చేస్తే 660. పాఠంలోని రెండు సూత్రాలూ ఇవే. ఇక వరసకు సమానంగానే ఎందుకు పెంచాలి? వృత్తం వ్యాసార్థం ఎంత పెరిగితే చుట్టుకొలత కూడా దానికి తగ్గ లెక్కలోనే పెరుగుతుంది కాబట్టి. మా అమ్మకు కాగితం మీద ఇది గీసి చూపిస్తే, "ఇదా చుట్టుకొలతంటే" అని చాలాసేపు ఆ బొమ్మనే చూస్తూ కూర్చుంది. ఆమె రెండో తరగతి కూడా పూర్తి చేయలేదు.

అసలు మన లేసు విద్యే బడి బయట నిలిచిన విద్య. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చి, అరుగుల మీద తల్లి చేతిని చూసి కూతురు, అత్త చేతిని చూసి కోడలు నేర్చుకుంటూ ఇన్ని తరాలు నడిచింది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అలాంటి పని చేతిలో ఉన్న మనిషి తనకు లెక్కలు రావనుకుంటే నాకు బాధగా ఉంటుంది.

ఇక పాసవ్వడం సంగతి. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం ఉంది, ఓపెన్ స్కూల్ అంటారు. దేశం మొత్తానికి 1989లో మొదలైన జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ ఉంది. రెండింటిలోనూ పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, పైన వయసు పరిమితి లేదు. తెలుగులోనే చదివి తెలుగులోనే రాయవచ్చు. మొత్తం ఐదు సబ్జెక్టులు. నాకు అన్నిటికన్నా మేలు చేసిన ఏర్పాటు ఏమిటంటే, ఐదూ ఒకేసారి పాసవ్వాల్సిన పని లేదు. పాసైనవి అలాగే నిలిచి ఉంటాయి, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. జాతీయ సంస్థలోనైతే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఇస్తారు. నేను 2012లో రాసినప్పుడు నాలుగు వచ్చి లెక్కలు పోయాయి. వచ్చిన నాలుగూ అలాగే నిలిచాయి. మరుసటి ఏడు లెక్కల పుస్తకం ఒక్కటే పట్టుకున్నాను. ఒక్క పుస్తకంతో ఏడాది గడిపితే భయం దానంతటదే కరిగింది. తర్వాత ఇంటరు, డిగ్రీ కూడా ఇదే విధంగా, పని మానకుండానే పూర్తి చేశాను. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది కూడా మన తెలుగు నేల మీదే, 1982లో హైదరాబాదులో. ఇప్పుడు అంబేడ్కర్ పేరుతో ఉన్నది అదే.

జాతీయ సంస్థలో లెక్కలు తప్పనిసరి కాదు, వాటి బదులు గృహ విజ్ఞానం వంటివి ఎంచుకోవచ్చు. ఈ మాట దాచడం న్యాయం కాదు కనుక చెబుతున్నాను. అయినా మీరు లెక్కలు తీసుకోవాలనే నా కోరిక. ముందు ముందు చాలా చదువులకు అవసరమవుతాయి. పైగా మీ అమ్మాయి మిమ్మల్ని అడుగుతున్నది ఆ పుస్తకమే కదా.

ఒక హెచ్చరిక. మొదట్లో నేను ఒక మనిషి మాట నమ్మి ఆరువేలు పోగొట్టుకున్నాను. చదవక్కర్లేదు, పరీక్ష రాయక్కర్లేదు, డబ్బు కడితే సర్టిఫికెట్టు ఇంటికి వస్తుందన్నాడు. మూడు నెలల చెరువు కూలి అది. సర్టిఫికెట్టు రాలేదు, ఫోను ఎత్తలేదు. ఎవరైనా పాస్ గ్యారంటీ అన్నారంటే అక్కడి నుంచి వచ్చేయండి. ఫీజు నేరుగా కట్టి రసీదు తీసుకోండి. అధ్యయన కేంద్రం ఎక్కడుందో మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో చెబుతారు.

వేళ గురించి. మా పొలం కాలువ శివారులో ఉండేది. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్లు వంతులవారీగా వదిలేవారు. వంతు అర్ధరాత్రి వస్తే అర్ధరాత్రే నాన్న పార భుజాన వేసుకుని, లాంతరు పట్టుకుని వెళ్లేవారు. ఆ నాలుగు గంటలూ గట్టు మీదే ఉండి, నీరు పక్కకు పోకుండా ప్రతి గండీ పూడ్చేవారు. వంతు తప్పితే మళ్లీ వచ్చేదాకా మడి బీటలు వారుతుంది. నేను చదువును ఆ లెక్కనే పెట్టుకున్నాను. తెల్లవారుజామున ఆక్సిజన్ చూశాక, పొద్దుటి మేత వేసేలోపు గంటన్నర ఖాళీ. ఆ గంటన్నర నా వంతు. చెరువులో రొయ్యలు పట్టే రోజుల్లో అది కూడా ఉండేది కాదు, ఆ వారం చదువు మానేసేవాణ్ణి, దిగులుపడేవాణ్ణి కాదు. రోజుకు మూడు గంటలు చదవాలని పట్టిక వేసుకున్న ప్రతిసారీ వారంలోనే వదిలేశాను. మీ ఇంట్లో ఎవరూ మిమ్మల్ని పిలవని ముప్పావుగంట ఎప్పుడు ఉంటుందో పది రోజులు గమనించండి. అది దొరికితే చాలు. మిగతా సమయాన్ని చదువు కోసం పీకి తెచ్చుకోవద్దు.

చేతులు లేసుతో తీరిక లేకుండా ఉన్నా చెవులు ఖాళీయే. సోషల్, తెలుగు పాఠాలను మీరే గట్టిగా చదువుతూ ఫోనులో రికార్డు చేసుకోండి. అల్లుకుంటూ వినండి. వేరేవాళ్ల గొంతుతో విన్న పాఠం కన్నా సొంత గొంతుతో విన్నది నాకు బాగా నిలిచింది, ఎందుకంటే చదివేటప్పుడు ఒకసారి, వినేటప్పుడు ఒకసారి నేర్చుకున్నట్టవుతుంది. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం ఎదురుచూస్తూ, పంటు మీద గోదావరి దాటుతూ నేను స్వాతంత్ర్యోద్యమం పాఠం మొత్తం ఇలా విన్నాను. ఇప్పటికీ ఆ నీళ్ల చప్పుడుతో కలిసే గుర్తొస్తుంది. లెక్కలకు మాత్రం ఇది పనికిరాదు. వీడియోలు కూడా అంతే, చూస్తున్నంతసేపు అన్నీ అర్థమైనట్టే ఉంటాయి, ఫోను పక్కన పెట్టి పెన్ను పట్టుకుంటే చేయి కదలదు. లెక్కకు కాగితం కావాల్సిందే.

మీ ఊళ్లో గానీ పక్క ఊళ్లో గానీ శాఖా గ్రంథాలయం ఉంటే ఒకసారి వెళ్లి రండి. పాత పాఠ్యపుస్తకాలు అక్కడ దొరికే అవకాశం ఉంది. గ్రంథాలయోద్యమాన్ని నడిపించిన అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది మన గోదావరి జిల్లా కొంకుదురులోనే. 1935లో కృష్ణా డెల్టాలో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరికీ తిప్పారు. బడికి రాలేని మనిషి దగ్గరకు చదువే వెళ్లాలని వాళ్లు ఆనాడే అనుకున్నారు. మీ ప్రశ్న చదవగానే నాకు ఆ పడవే గుర్తొచ్చింది.

చివరిగా, మీ అమ్మాయి సంగతి. తనకు చెప్పలేకపోతున్నానని తల దించుకుంటున్నానన్నారు. తననే మీకు చెప్పమనండి. ఆ రోజు బడిలో చెప్పిన లెక్కను సాయంత్రం మీకు నేర్పమనండి, తెలియని చోట నిజంగానే అడగండి. చెప్పేవాళ్లకే పాఠం గట్టిపడుతుంది. చెరువు మీద పెద్దాయన రోజూ పొద్దున టీ తాగుతూ, "నిన్న ఏం చదివావో నాకు చెప్పు" అనేవారు. ఆయనకు అక్షరం రాదు. ఆయనకు అర్థమయ్యేలా చెప్పలేకపోయానంటే నాకూ రాలేదన్నమాటే, ఆ పాఠం మళ్లీ తీసేవాణ్ణి. నాకు ట్యూషన్ మాస్టారంటూ ఎవరైనా ఉంటే ఆయనే.

ఈసారి గుండ్రని లేసు మొదలుపెట్టినప్పుడు, మొదటి ఆరు వరసల్లో ఎన్నెన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. అంకశ్రేఢి పాఠం వాటితోనే మొదలుపెడదాం, నేను చెబుతాను.