ఎగిరే జన్యువులా, పైథానా?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో సంవత్సరం. కడుపులో బిడ్డ మెదడు ఏర్పడేటప్పుడు ఎగిరే జన్యువులు ఏం చేస్తాయో పరిశోధిస్తానంటోంది. నేను పైథాన్ (ప్రోగ్రామింగ్ భాష) కోర్సులో చేరమంటున్నా. రోజూ ఇదే గొడవ. ఏం చేయమంటారు?

జవాబు: గొడవ ఆపేయండి సార్. ఆమె అడుగుతున్న చదువుకు మీరు చెప్పే పైథాన్ కావాలి.

ఈ జన్యువులను, అంటే డీఎన్‌ఏలో ఒకచోటి నుంచి మరోచోటికి ఎగిరే ముక్కలైన ట్రాన్స్‌పోజబుల్ ఎలిమెంట్స్‌ను, 1940ల్లో మొక్కజొన్న గింజల రంగు మచ్చల ద్వారా బార్బరా మెక్‌క్లింటాక్ కనిపెట్టారు. నోబెల్ 1983లో గానీ రాలేదు. ఈ రంగంలో ఓపిక ఎంత ఉండాలో దీన్నిబట్టే తెలుస్తుంది! మన డీఎన్‌ఏలో దాదాపు సగం వీటి నుంచి వచ్చిందే. చాలావరకు ఇప్పుడు ఎగరవు. కొన్ని మాత్రం పిండంలో మెదడు కణాలు తయారయ్యే వేళ పక్క జన్యువులకు స్విచ్చుల్లా పనిచేస్తాయి. మూలకణాలతో ల్యాబ్‌లో పెంచిన బుల్లి మెదడు నమూనాల్లో దీన్ని పరిశీలిస్తున్నారు.

చిక్కు లెక్క దగ్గర వస్తుంది. వీటిలో ఆలు అనే రకం ఉంది (కూరతో సంబంధం లేదు). సుమారు 300 డీఎన్‌ఏ అక్షరాల ముక్క, పది లక్షలకు పైగా కాపీలు. డీఎన్‌ఏ చదివే మామూలు సీక్వెన్సింగ్ మిషన్ ఇచ్చేది 150 అక్షరాల తునకలు. ఏ తునక ఏ కాపీదో ఎలా చెప్పడం? ఉక్కునగరంలో ఒకే అచ్చులో ఉన్న క్వార్టర్లకు సెక్టారు, నంబరు లేని ఉత్తరం వచ్చినట్టే. ఆ ఇల్లు వెతికేది ప్రోగ్రామింగే.

ఎమ్మెస్సీకి ఆంధ్రా యూనివర్సిటీలోనే హ్యూమన్ జెనెటిక్స్, బయోటెక్నాలజీ ఉన్నాయి. వేరే ఊరు పంపగలిగితే ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షలైన జామ్, గాట్-బి రాయించండి. జామ్ బయోటెక్నాలజీ పేపర్లో ఇంటర్ స్థాయి లెక్కలు, ఫిజిక్స్ కూడా అడుగుతారు. బైపీసీ పిల్లలు చతికిలపడేది అక్కడే, ఇప్పుడే మొదలుపెట్టమనండి. తర్వాత పీహెచ్‌డీకి మరో అయిదారేళ్లు. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చి టెన్షన్ పడకండి. మధ్యలో మనసు మారినా, బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే) ఉద్యోగాలకు ఆ పైథాన్ అక్కరకొస్తుంది.

ఈ ఆదివారం ఒక పని చేయండి. యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్ ఉచితం. అందులో ఏదో ఒక జన్యువు తెరిచి, మళ్లీ మళ్లీ వచ్చే డీఎన్‌ఏ ముక్కలను చూపే రిపీట్‌మాస్కర్ వరుస ఆన్ చేయమనండి. కింద వరసగా నల్ల గీతలు పడతాయి, వాటిలో ఎక్కువ భాగం ఎగిరే జన్యువుల ఆనవాళ్లే. ఎన్ని ఆలులో పైథాన్‌తో లెక్కపెట్టమనండి. పక్కన మీరూ కూర్చోండి.