ఊరూరా తీసిన శాంపిల్‌కి మామూలు జెడ్ టెస్ట్ ఎందుకు సరిపోదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: జిల్లాలో 20 ఊళ్లు ఎంచుకుని, ఊరికి 20 మంది చొప్పున 400 మంది ఆడవాళ్లకు రక్తపరీక్ష చేశారు. 248 మందికి, అంటే 62 శాతానికి రక్తహీనత ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (2019–21) ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో దేశవ్యాప్తంగా అది 57 శాతం. మీ జిల్లా నిజంగానే వేరుగా ఉందా?

పుస్తకం పద్ధతిలో, అంటే మామూలు జెడ్ టెస్ట్‌లో, స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ మారితే శాతం ఎంత అటూఇటూ అవుతుందో చెప్పే కొలత) √(0.57 × 0.43 ÷ 400) = 0.0248. ఇక్కడ చాలామంది 0.62 × 0.38 వేస్తారు. టెస్ట్ మొదలయ్యేదే నల్ హైపోథిసిస్ (జిల్లాకీ దేశానికీ తేడా లేదన్న ఊహ) నిజమనుకుని కాబట్టి 0.57 వాడాలి. 5 పాయింట్ల తేడాను ఈ ఎర్రర్‌తో భాగిస్తే జెడ్ 2.02. రెండువైపుల పి-వాల్యూ (అసలు తేడా లేకపోయినా, పైకి గానీ కిందికి గానీ, కనీసం ఇంత తేడా లాటరీలో కనిపించే అవకాశం) 0.043, మామూలు హద్దు 0.05 కంటే తక్కువ. తేడా ఉన్నట్టే కనిపిస్తుంది.

తొందరపడకండి. జిల్లా జాబితా నుంచి 400 మందినీ విడివిడిగా లాటరీ తీస్తేనే ఈ ఫార్ములా చెల్లుతుంది. మీరు ముందు తీసింది ఊళ్లను. ఒకే ఊళ్లో ఉన్నవాళ్ల తిండీ నీళ్లూ దాదాపు ఒకటే, ఐరన్ మాత్రలు ఇచ్చే ఆశా కార్యకర్తా ఒకరే. అందుకే పది మందిని చూశాక పదకొండో మనిషి కొత్తగా చెప్పేది తక్కువ. ఈ నష్టాన్ని కొలిచేదే డిజైన్ ఎఫెక్ట్. ఇంట్రాక్లస్టర్ కోరిలేషన్ (ఒకే ఊరివాళ్లు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే సంఖ్య) 0.05 అనుకుంటే, ఊరికి 20 మంది కాబట్టి అది 1 + 19 × 0.05 = 1.95. అంటే మీ 400 మంది 205 మందితో సమానం. జెడ్ 1.45కి పడిపోతుంది, పి-వాల్యూ 0.15కి చేరుతుంది.

ఆ 0.05 నేను ఉదాహరణకు వేసుకున్నది. అసలు సంగతి మీ డేటాలోనే ఉంది. ఎక్సెల్‌లో ఊరికో వరుస చొప్పున 20 శాతాలు రాసి, వాటి స్టాండర్డ్ డీవియేషన్‌ని (సగటు నుంచి అవి ఎంత చెదిరాయో చెప్పే కొలత) √20తో భాగించండి. అదే మీ ఎర్రర్. 5ని దానితో భాగిస్తే వచ్చే టీ విలువ 2.09 దాటాలి, ఎందుకంటే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (ఊళ్ల సంఖ్య కంటే ఒకటి తక్కువ) 19 మాత్రమే. డీవియేషన్ 15.5 వస్తే ఎర్రర్ 3.47, టీ 1.44. ఊళ్ల మధ్య అసలు తేడా లేకపోయినా డీవియేషన్ 11 దగ్గర ఉంటుంది, అంతకు మించినదే ఊరి ప్రభావం. ఊళ్లను జనాభా దామాషాలో ఎంచుకుని ఉంటేనే ఈ సులువు దారి పనికొస్తుంది, లేకపోతే ఊరి జనాభాను బట్టి ఒక్కో శాతానికి వెయిట్లు (ప్రాధాన్యం) వేయాలి.

62 చూశాక ఒకవైపు టెస్ట్‌కి (ఎక్కువా అని మాత్రమే చూసేదానికి) మాత్రం మారకండి. అది డేటా రాకముందే రాసి పెట్టుకోవాల్సిన నిర్ణయం.

ఏ టెస్టూ సరిచేయలేనివి రెండున్నాయి. ఒకటి కొలత: ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5లో వేలికొసన గుచ్చి తీసిన రక్తాన్ని హీమోగ్లోబిన్ కొలిచే హీమోక్యూ మీటర్‌లో చూశారు. రక్తహీనతకు హద్దు డెసిలీటర్‌కి 12 గ్రాములు, గర్భిణులకు 11. మీరు నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌కి పంపి ఉంటే రెండు శాతాలనూ నేరుగా పోల్చకూడదు. రెండోది తాళం వేసిన ఇల్లు: పగలు వెళ్తే కూలికి పోయినవాళ్లు దొరకరు. పక్కింటితో లెక్క పూరించకుండా, పొద్దున్నే గానీ పొద్దుగూకాక గానీ అదే ఇంటికి మళ్లీ వెళ్లాలి.

డీవియేషన్ 15.5 దగ్గరే వస్తే రిపోర్టులో 62 శాతం, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ (జిల్లా అసలు శాతం ఉండగల హద్దులు) 54.7 నుంచి 69.3 అని రాయండి. 57 అందులోనే ఉంది కాబట్టి ఈ శాంపిల్‌తో తేడా తేలలేదని రాయాలి, తేడా లేదని కాదు. 5 పాయింట్ల తేడాను 80 శాతం పవర్‌తో (తేడా నిజంగా ఉంటే దాన్ని పట్టే అవకాశం) పట్టాలంటే విడి శాంపిల్‌కే సుమారు 760 మంది కావాలి. అదే 0.05 లెక్కన ఊరికి 20 చొప్పున అయితే 1,480 మంది, 74 ఊళ్లు. ఊరికి 10 మందే తీసుకుంటే 1,100 మంది చాలు, కానీ 110 ఊళ్లు తిరగాలి.