పెరటి కోళ్లు ఒకదాని ఈకలు ఒకటి పీక్కుంటుంటే ఏం చేయాలి?

ముందు గాయపడిన కోడిని వేరు చేయాలి; ఆ తర్వాత మిగతావాటికి చోటు, మేతలో ప్రొటీన్ పెంచాలి.

ఈకలో ఎక్కువ భాగం ప్రొటీనే. మేతలో అది తగ్గితే కోళ్లు పక్కదాని ఈకలు పీకి తినడం మొదలుపెడతాయి. ఇరుకు, కెలుక్కోవడానికి మట్టి లేకపోవడం దీన్ని ఇంకా పెంచుతాయి. అన్నిటికన్నా ప్రమాదం రక్తం. ఎర్రటి చుక్క కనబడితే చాలు, మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి, కొన్నిసార్లు చచ్చేదాకా వదలవు. అందుకే వేరు చేయడంలో ఒక్క పూట కూడా ఆలస్యం వద్దు.

ఉదాహరణకు, రోజంతా గూట్లో మూసి నూకలు మాత్రమే వేసే కోళ్లు. నూకల్లో ప్రొటీన్ 7–8 శాతమే. గుడ్లు పెట్టే కోడికి 16 శాతం దాకా కావాలి. లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసిన మేత) పెట్టి, సాయంత్రం కాసేపైనా బయట వదిలి, గూట్లో ఒక ఆకుకూర కట్ట వేలాడదీస్తే పొడుచుకోవడం తగ్గుతుంది.

ఈకలు ఊడాయంటే పొడుచుకున్నట్టే అనుకోవడం పొరపాటు. ఏటా ఈకలు మార్చుకునేటప్పుడు కూడా ఊడతాయి, కానీ గాయాలుండవు. చర్మంలోంచి ముళ్లలా కొత్త ఈకలు మొలుస్తుంటాయి, గుడ్లు ఆగుతాయి. వీపు మీద మాత్రమే ఊడితే ఎక్కువసార్లు అది జతకట్టేటప్పుడు పుంజు తొక్కడం వల్లే.