పాయింట్లు పెరిగాయి, గదులు పెరగలేదు

చి. సౌ. మాధవికి,

మల్లేశ్వరం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు. మీరు సభ్యత్వం తీసుకున్న రిసార్టు మళ్ళీ తెరిచారనీ, గదులు బుక్ చేసుకోవడానికి ఏటా ఇచ్చే పాయింట్లలో వాడనివాటికి గడువు పొడిగించారనీ, అయినా మే నెలలో ఒక్క గదీ దొరకడం లేదనీ రాశావు. పొడిగించారు కదా, తొందరేముంది అని కూడా అన్నావు. ఆ మాటే నాకు దిగులు కలిగించింది.

ఒక లెక్క వేసి చూడు. వంద గదుల రిసార్టులో ఏడాదికి 36,500 రాత్రులు. తొంభై రోజులు మూసేస్తే 9,000 రాత్రులు పోయినట్టే, అవి తిరిగి రావు. ఆ రాత్రులకు డబ్బు కట్టినవాళ్ళ పాయింట్లు మాత్రం చెక్కుచెదరకుండా మరుసటి ఏడాదిలోకి వచ్చి చేరతాయి. అందరూ ఆ ఏడాదే వాడుకోవాలనుకుంటే 36,500 రాత్రులకు 45,500 రాత్రుల గిరాకీ. అంటే నాలుగు గదుల దగ్గర ఐదు కుటుంబాలు నిలబడ్డట్టు. పైగా మూతపడ్డ రిసార్టు ఒక్కసారిగా తెరుచుకోదు. ఒక బ్లాకు ఇప్పుడు, మరమ్మతులు అయ్యాక ఇంకోటి తెరుస్తారు. గడువు పొడిగింపు కాగితం మీద మర్యాదే, కానీ దానివల్ల వరుస పొడవవుతుంది తప్ప గది పుట్టదు.

ఇది ఒక్కసారితో తీరేదీ కాదు. బెంగళూరు వాళ్ళం ఎటు వెళ్తాం? కొడగు, వయనాడ్, ఊటీ, మున్నార్. 2018 ఆగస్టు వరదలు కొడగునూ మున్నార్‌నూ ఎలా దెబ్బతీశాయో చూశాం. 2020లో మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. జూన్ 8 నుంచి హోటళ్ళు తెరవవచ్చని కేంద్రం అన్నా, రాష్ట్రాల ఆంక్షలతో కొండలకు వెళ్ళే దారి చాలాకాలం సుగమం కాలేదు. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాయి. కాబట్టి పాయింట్లను కూడబెట్టాలన్న ఆలోచన మానుకో. చేతికి వచ్చిన ఏడాదే ఖర్చు పెట్టెయ్యి.

బుక్ చేసేటప్పుడు ఏ ఏడాది పాయింట్లు ముందు తగ్గుతున్నాయో చూసుకో. పాతవి మిగిలిపోయి కొత్తవి కరిగిపోతే నష్టం నీదే. పొడిగించిన పాయింట్లను ఇంకో ఏడాదికి జరపనిస్తారా, వెయిటింగ్ లిస్టులో పేరు పెడితే పాయింట్లు అక్కడే ఇరుక్కుపోతాయా, ఈ రెండూ ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకో. ఫోనులో చెప్పిన మాటకు తర్వాత సాక్ష్యం ఉండదు.

ఇక తేదీలు. బాబు ఇంకా యూకేజీయే కదా, మే నెల కోసం పెద్ద పిల్లలున్న వాళ్ళతో ఎందుకు పోటీ పడతావు? సంక్రాంతి సెలవులు ముగిశాక, మార్చి పరీక్షల లోపు కొండల మీద ఆకాశం నిర్మలంగా ఉంటుంది, గదులూ ఉంటాయి. ఆదివారం మధ్యాహ్నం చేరి గురువారం తిరిగి వచ్చేలా చూసుకో. శుక్రవారం రాత్రి ఊరంతా మైసూరు రోడ్డు మీదే ఉంటుంది. వారం మధ్య రాత్రులకు చాలా పథకాల్లో పాయింట్లు కూడా తక్కువే పడతాయి. జూలై, ఆగస్టుల్లో గదులు సులభంగా దొరుకుతాయి నిజమే, కానీ చిన్నపిల్లవాడితో ఘాట్ రోడ్డు ఎక్కే కాలం కాదు అది, నేను ఒప్పుకోను.

క్యాలెండర్లో గది కనిపించకపోతే అది నిండిపోయిందని అనుకోకు. ఇంకా తెరవని బ్లాకు కావచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, జరిమానా లేకుండా రద్దు చేసుకునే గడువు ఏ రోజుతో ముగుస్తుందో తెలుసుకో. ఎందుకైనా మంచిదని ముందే పట్టిపెట్టుకున్నవాళ్ళు ఆ ముందురోజు వదిలేస్తారు. ఆ సాయంత్రం కూర్చుని చూడు. పెద్ద గది లేకపోతే పక్కపక్కన రెండు చిన్న గదులకు ఎన్ని పాయింట్లో కూడా లెక్క కట్టు.

ఊటీ అయితే గదితో పని పూర్తి కాదు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకూ కొడైకెనాల్‌కూ ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాల్సిన ప్రవేశ అనుమతి, పెట్టారు. 2025 వేసవిలో నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 వాహనాలే అని పరిమితి విధించారు. గది ఖాయం అయిన రోజే పాస్ సంగతి చూడమని అల్లుడికి చెప్పు. వయనాడ్ వైపు అయితే బందీపూర్ అడవి దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసే ఉంటుంది.

మూసిన నెలలకు కూడా వార్షిక రుసుము కట్టమంటే నీకు కోపం రావడం న్యాయమే. అయినా కట్టకుండా ఆపకు, బాకీ ఉంటే చాలాచోట్ల బుకింగే ఇవ్వరు. కట్టి, అభ్యంతరం రాతలో పెట్టు. గది లేదని చూపించిన ప్రతిసారీ తేదీతో స్క్రీన్‌షాట్ తీసి ఉంచు. వాళ్ళు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫోను చెయ్యి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళాలంటే సమస్య తలెత్తిన రెండేళ్ళలోపు వెళ్ళాలి, ఆలస్యానికి తగిన కారణం చూపి కమిషన్‌ను ఒప్పిస్తే తప్ప ఆ గడువు దాటాక తీసుకోరు.

ఇలాంటి సమయంలోనే ఫోన్లు వస్తాయి. ఇంకో రెండు లక్షలు కట్టి పై తరగతికి మారితే గదులు దొరుకుతాయని ఒకరు, మీ సభ్యత్వం అమ్మిపెడతాం, ముందు కొంత రుసుము పంపండి అని ఇంకొకరు. మొదటివాళ్ళకు వద్దని చెప్పు. రెండోవాళ్ళకు ఒక్క రూపాయి పంపకు, సభ్యత్వ సంఖ్య కూడా చెప్పకు.

మీ ఒప్పందంలో వరదలు, ప్రభుత్వ ఆదేశాలు వంటి కారణాలతో మూసివేస్తే ఏమిస్తారో చెప్పే పేరా ఒకటి ఉంటుంది. అది ఫొటో తీసి ఈ ఆదివారంలోగా నాకు పంపు. ఫిబ్రవరికి బుక్ చేసేముందు ఇద్దరం కలిసి చదువుదాం.

పెద్దమ్మ